ఆక్సిజన్ ఎవరు పెంచారు?

అత్త పోయిన పదమూడో రోజు కూడా పొద్దున ఆరింటికి లేచి సీసా కడిగాను. ఆక్సిజన్ మిషన్‌కి తగిలించే నీళ్ళ సీసా అది. పాత నీళ్ళు పారబోసి, నాలుగు చుక్కల వెనిగర్ వేసి గిలకరించి, మూడుసార్లు జాడించి, గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నాలుగేళ్ళుగా రోజూ చేసిన పని. గీత దాకా పోశాక గుర్తొచ్చింది, దాన్ని వాడే మనిషి ఇంట్లో లేదని. సీసా పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను.

అశోక్ కాఫీ కోసం వచ్చాడు. సీసాను చూశాడు.

“ఇంకా ఎందుకు వరూ అది?”

“చెయ్యి మరచిపోలేదు,” అన్నాను. కాఫీ ఇచ్చి చెప్పాను, “రేపు హూడికి పోవాలి. ఆఫీసులో మీటింగ్ ఉంది.”

“మళ్ళీనా?”

ఒక్క మాటే అన్నాడు. అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు. నేను పోయినసారి ఆఫీసుకు వెళ్ళిన రోజే అత్త స్పృహ తప్పింది.

మా అత్త పేరు కెంపమ్మ. హొసకోటెలో పాత మద్రాసు రోడ్డు మీద మా మామ చిక్కమునియప్పకు హోటల్ ఉండేది. లారీ డ్రైవర్లకు రాగిముద్ద, పప్పుచారు లాంటి సారు పెట్టే హోటల్. మామ బయట గల్లా దగ్గర కూర్చునేవాడు. అత్త లోపల కట్టెల పొయ్యి ముందు కూర్చునేది. ముప్పై ఏళ్ళు ఊదింది. మొదటిసారి ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు డాక్టర్ సమీనా ఎక్స్‌రే చూసి, “అమ్మా, సిగరెట్లు తాగేవాళ్ళా?” అని అడిగింది. అత్త నవ్వింది. “నేను తాగలేదు తల్లీ. పొయ్యి తాగె, నేను పక్కన కూచుంటి.”

సమీనా ఆ రోజు ఒక కాగితం మీద ఊపిరితిత్తుల బొమ్మ గీసి నాకు చెప్పింది. ఈమెకు గాలి లోపలికి పోవడం ఒక్కటే కష్టం కాదు, లోపలి చెడుగాలి బయటికి రావడం ఇంకా కష్టం. అందుకని రెండు మిషన్లు. ఒకటి మాస్కు మిషన్. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు బిగించి, ప్రతి ఊపిరికీ గాలిని ఒత్తిడితో పంపుతుంది, దాని సాయంతో చెడుగాలి బయటికి పోతుంది. రాత్రంతా, మళ్ళీ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా పెట్టాలి. రెండోది ఆక్సిజన్ మిషన్. అది ఒక్క లీటరు మీద ఉండాలి, మహా అయితే రెండు. వేలికి పెట్టే క్లిప్పులో ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు కనబడితే చాలు. “అంతకన్నా పెంచితే మంచిది అనుకోవద్దు. మాస్కు లేకుండా ఆక్సిజన్ పెంచారంటే చెడుగాలి రక్తంలో పేరుకుంటుంది. మనిషి నిద్రలోకి జారిపోతుంది. క్లిప్పులో నంబర్ మాత్రం చాలా బాగుంటుంది. ఆ నంబర్ చూసి మోసపోవద్దు,” అంది.

నాకు ఈ సంగతి కొత్త కాదు. నేను హూడిలో ఊపిరి మిషన్లు తయారుచేసే కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాను. తయారైన మిషన్ ఎక్కడెక్కడ తప్పుతుందో పరీక్షించి రాయడం నా ఉద్యోగం. అత్తను రెండు మిషన్లతో ఇంటికి తెచ్చిన వారమే అశోక్ అన్నాడు, “నర్సుకు నేర్పించి, ఆమె మీద ఒక కన్నేసి... అంత అవసరమా వరూ? నీకు తెలిసిన పనే కదా.” అశోక్ వాళ్ళ అక్క పుష్పావతి కోలారు నుంచి వచ్చి అత్త మంచం పక్కన కూర్చుని, “మా అమ్మ అదృష్టం. మిషన్లు చేసే కోడలే దొరికింది,” అంది. నన్ను ఎవరూ ఉద్యోగం మానమని అనలేదు. నాలుగేళ్ళు వెనక్కి పోయి వెతికినా ఆ మాట ఎవరి నోట్లోనూ దొరకదు. పొగిడారు, అంతే. పొగడ్త తర్వాత కాదనడం నాకు రాలేదు. కంపెనీ నన్ను రోజుకు మూడు గంటలు ఇంటి నుంచి పనిచేసే మనిషిగా పెట్టుకుంది. నా పేరు కింద ఉండే హోదా పోయింది. కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు. అశోక్ మారతహళ్ళిలో తన ఆఫీసుకు వారంలో మూడు రోజులు పోయేవాడు, రెండు రోజులు మేడ మీద గదిలో తలుపు వేసుకుని పనిచేసేవాడు. నా మూడు గంటలు వంటింటి బల్ల మీద జరిగేవి. కుక్కర్ విజిల్ వచ్చిందంటే మీటింగ్‌లో అవతలివాళ్ళు నవ్వేవాళ్ళు.

అత్తకు మాస్కు అంటే గిట్టదు. రోజూ పది దాటగానే పట్టీ లాగేది. “సాకు మే, ఇంక చాలు, తీయ్. ఎద్దుకు చిక్కం కట్టినట్టుండాది.” మొదటి నెలలో బతిమాలాను, బెదిరించాను, ఒకసారి ఏడ్చాను కూడా. తర్వాత ఒక రోజు ఊరికే అడిగాను, హోటల్లో రోజుకు ఎన్ని ముద్దలు చేసేదానివి అత్తా అని. మాస్కు లోపలి నుంచి ఏదో అంది, వినబడలేదు. చేతులు మాత్రం ఒడిలో కదిలాయి. రాగిముద్ద చేసేటప్పుడు తిప్పినట్టు రెండు అరచేతులూ తిప్పి, ముద్దను పక్కన పెట్టినట్టు పెట్టింది. ఆ రోజు నుంచి మాకు గడియారం అక్కర్లేకపోయింది. ఆమె పట్టీ మీద చెయ్యి వేయగానే, “ఇంకో నలభై ముద్దలు అత్తా, లారీలు వచ్చేశాయి,” అనేదాన్ని. ఆమె కళ్ళతో నన్ను తిట్టి, చేతులు తిప్పడం మొదలుపెట్టేది. పక్కన కూర్చుని నేను లెక్క చెప్పేదాన్ని. ముద్దలు అయ్యేసరికి పన్నెండయ్యేది. మాస్కు తీసి ముక్కు మీద అచ్చు పడిన చోట కొబ్బరినూనె రాసేదాన్ని. “ఎంతమంది తినిరి?” అని అడిగేది. “అందరూ తిన్నారు,” అనేదాన్ని.

ఈ నాలుగేళ్ళూ ఆ రెండు మిషన్లూ ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. మాస్కు తీసేశారని ఆక్సిజన్ మిషన్‌కి తెలియదు. ఆక్సిజన్ పెంచారని మాస్కు మిషన్‌కి తెలియదు. రెండింటి మధ్యా తిరిగే మనిషికి తెలిస్తే తెలిసినట్టు. ఇది నేను కంపెనీకి రాసి పంపాను. మా టీమ్‌కి పెద్ద అచ్యుత్. ఆయనకు నచ్చింది. రెండు మిషన్లనూ ఒకే పెట్టెలో కలిపే పని మొదలైంది. ఆ పెట్టెలో ఒక తాళం పెట్టాలని నేను అడిగాను. మాస్కు ముఖం మీద లేనప్పుడు ఆక్సిజన్ పెంచే బిరడా డాక్టర్ పెట్టిన అంకెను దాటి తిరగకూడదు. టీమ్‌లో దానికి వరూధిని తాళం అని పేరు పడింది.

అమ్మకాలు చూసే మునీంద్రకు ఆ తాళం నచ్చలేదు. “కోవిడ్ తర్వాత ఈ ఊళ్ళో అందరూ డాక్టర్లే మేడమ్. క్లిప్పులో తొంభై నాలుగు కనబడకపోతే జనాలకు భయం. మిషన్ పెంచనివ్వట్లేదని వెనక్కి తెచ్చి పడేస్తారు,” అనేవాడు. కంపెనీలో తప్పుల పట్టిక అని ఒకటి ఉంటుంది. మిషన్ వాడే మనిషి ఏ తప్పు చేయవచ్చు, ఎవరు చేయవచ్చు, ఎందుకు, దానివల్ల హాని ఏమిటి, ఏది ఆపుతుంది. ఒక్కో తప్పుకు ఒక్కో వరుస. ఆ పట్టిక రాసేది నేనే. మునీంద్ర అందులో ‘ఎవరు’ అన్న గడి చూపించి అడిగేవాడు, “ఇంట్లో చూసుకునేది ఏ కోడలో కూతురో కదా. డాక్టర్ చెప్పింది చెప్పినట్టు చేస్తారు, పాపం. వాళ్ళకు తాళం దేనికి? నిజంగా ఎవరైనా మాస్కు పీకేసి ఆక్సిజన్ పెంచుతారా? ఒక్క కేస్ చూపించండి.” నా దగ్గర కేస్ లేదు. “మేడమ్ ఇంట్లో పేషెంట్ ఉంది కదా, అందుకే ఎమోషనల్ అవుతున్నారు,” అని అచ్యుత్ వైపు తిరిగేవాడు.

తాళం ఉండాలా వద్దా అని తేల్చే మీటింగ్ ఒక గురువారం పెట్టారు. ఇంటి నుంచి కుదరదు, మిషన్ ముందు పెట్టుకుని మాట్లాడాలి అన్నారు. అశోక్‌ను ఇంట్లో ఉండమన్నాను. ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. అన్నీ ఒక కాగితం మీద రాసి మంచం ఎదురుగా గోడకు అంటించాను. మాస్కు తొమ్మిది నుంచి పన్నెండు. బిరడా ఒకటి మీద. ఎనభై ఎనిమిది చాలు. అశోక్ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. నేను చదివి వినిపిస్తుంటే తల ఊపాడు. “ఎనభై ఎనిమిదేంది వరూ? అందరికీ తొంభై ఐదు ఉండాలంటారు కదా,” అన్నాడు. “అందరికీ. అత్తకు కాదు,” అన్నాను. గోడ మీద కాగితంలో ముద్దల సంగతి నేను రాయలేదు. రాయాలని తోచలేదు. అది వైద్యం అని నాకే తెలియదు.

నేను చుడీదార్ వేసుకుని వస్తే అత్త మంచం మీద నుంచి చూసింది. “ఆ గళ్ళ చీర కట్టుకో పో. నువ్వొక మనిషివి ఉండావని ఆఫీసోళ్ళు మరచిపోయింటారు.” చీర మార్చుకుని వచ్చాను. “ఇప్పుడు సరి. పొయ్యి రా. నేనేం పారిపోతానా?” అంది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాట అదే.

పదకొండూ ఏడుకు మీటింగ్‌లో ఉండగా ఫోన్ వెలిగింది. ఫ్యామిలీ గ్రూపులో అశోక్ ఫోటో పెట్టాడు. అత్త వేలు, వేలికి క్లిప్పు, క్లిప్పులో తొంభై ఎనిమిది. కింద, “ఫస్ట్ టైమ్!” అని రాశాడు. అప్పటికే ఆరు బొటనవేళ్ళు లేచాయి. పుష్పావతి వదిన, “కొడుకు చెయ్యి పడింది కదా మరి!” అని రాసింది. నేను ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఒక మూల ఆక్సిజన్ మిషన్ ఉంది, అందులో లీటర్లు చూపించే గోళీ ఐదు మీద నిలబడి ఉంది. మాస్కు గోడ మేకుకు వేలాడుతోంది. అత్త బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కళ్ళు మూసి ఉన్నాయి.

ఫోన్ చేశాను. కట్ చేశాడు. మళ్ళీ చేశాను.

“ఏమప్పా, కాల్‌లో ఉండా.”

“ఆక్సిజన్ ఒకటికి తగ్గించు. మాస్కు పెట్టు. అత్తను లేపు.”

“హాయిగా నిద్రపోతుండాది వరూ. ఎన్ని దినాలైంది ఇట్ల పండుకుని! నంబర్ చూసినావా?”

“అశోక్, లేపు.”

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. “అమ్మా,” అన్నాడు. కొంచెం ఆగి, “అమ్మా, లెయ్,” అన్నాడు. మూడోసారి గట్టిగా పిలిచాడు. నాలుగోసారి పిలిచిన గొంతు మా పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను వినలేదు.

అంబులెన్స్‌కు ఫోన్ చేయమని చెప్పి లేచి వచ్చేశాను. హూడి నుంచి హొసకోటెకు పదిహేడు కిలోమీటర్లు. టోల్ దగ్గర లారీల వెనుక క్యాబ్ ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. నేరుగా ఆస్పత్రికి పోయాను. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ రక్తం రిపోర్టు పట్టుకుని బయటికి వచ్చాడు. చిన్నవాడు. కోపంగా ఉన్నాడు.

“ఆక్సిజన్ ఎవరు పెంచారు?”

అశోక్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను అతని ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు. రెండు వేల ఇరవై ఒకటి మే నెలలో మామకు ఊపిరి అందనప్పుడు, అశోక్ ఖాళీ సిలిండర్ భుజాన వేసుకుని ఇండస్ట్రియల్ ఏరియాలో ఫ్యాక్టరీ గేటు ముందు తొమ్మిది గంటలు క్యూలో నిలబడ్డాడు. నిండిన సిలిండర్‌తో ఆస్పత్రికి వచ్చేసరికి మామ పోయి నలభై నిమిషాలైంది. సిలిండర్ దించకుండా అట్లాగే నిలబడ్డాడు. దించమని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ రోజు గురించి మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు డాక్టర్ అడిగితే అదే ముఖం నా వైపు తిరిగింది.

“నేనే,” అన్నాను.

డాక్టర్ కేస్ షీటు మీద రాసుకున్నాడు. కోడలు ఆక్సిజన్ పెంచారు అని.

ఎందుకు అన్నానో చాలాసార్లు ఆలోచించాను. ప్రేమ అనుకున్నాను. నిజమే, అది కొంత ఉంది. కానీ మిగతాది అలవాటు. గ్యాస్ అయిపోతే నేనే. పప్పు మాడితే నేనే. అతని కారు తాళాలు కనబడకపోతే ఎక్కడ పెట్టానో అని వెతికేదీ నేనే. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరు అన్న ప్రశ్నకు జవాబు ఒకటే ఉంది. నా నోటికి ఇంకో మాట రాలేదు.

అత్తను వెంటిలేటర్ మీద పెట్టారు. గొంతులో ట్యూబు లాగేసుకుంటుందని రెండు చేతులూ మంచానికి కట్టారు. శనివారం సాయంత్రం పోయింది. పోయేదాకా చేతులు విప్పలేదు.

ఆస్పత్రి కాగితం ఇంటికి వచ్చింది. చదవగలిగినవాళ్ళు చదివారు, మిగతావాళ్ళకు చెప్పారు. నేను ఆ రోజు ఆఫీసుకు పోయానని అందరికీ తెలుసు. రెండూ కలిపితే ఒక కథ తయారైంది. కోడలు ఆఫీసుకు పోతూ పోతూ ఆక్సిజన్ పెంచి పోయింది, ముసలామె సతాయించకుండా పడుకుంటుందని. గ్రూపులో చూసిన తొంభై ఎనిమిదిని కూడా దానికే అతికించారు. శవం పక్కన పుష్పావతి వదిన నా చెయ్యి పట్టుకుని అడిగింది, “చదువుకున్నదానివే కదా అమ్మాయ్. మిషన్లు చేసేదానివే కదా. నీకెట్ల మనసొచ్చె?” నేను అశోక్ వైపు చూశాను. అతను ఏడుస్తున్నాడు. ఇప్పుడు కాదు, తర్వాత చెప్తాడులే అనుకున్నాను. మూడో రోజు అనుకున్నాను, అస్థికలు కలిపి వచ్చాక చెప్తాడని. ఐదో రోజు ఫ్యామిలీ గ్రూపు తెరిచాను. ఆ ఫోటో ఉన్న చోట ‘ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది’ అని ఉంది. ఎప్పుడు తీసేశాడో తెలియదు. ఆస్పత్రిలో ఉండగానే తీసి ఉంటాడు. కానీ నా ఫోన్‌లో ఉంది. ఆ రోజు పెద్దది చేసి చూస్తూ దాచుకున్నాను. మాస్కు మిషన్‌లో ఒక కార్డు ఉంటుంది. మాస్కు ఎప్పుడు పెట్టారో ఎప్పుడు తీశారో అందులో నిమిషాలతో సహా ఉంటుంది. అది కూడా తీసి చూశాను. గురువారం పొద్దున తొమ్మిదీ యాభై రెండుకు మాస్కు తీశారు. నేను ఇల్లు వదిలి అప్పటికి గంటా ఇరవై నిమిషాలైంది.

పదకొండో రోజు తిథి భోజనాలు. బంతిలో వడ్డిస్తున్నాను. అశోక్ చిన్నాయన విస్తరి ముందు కూర్చుని, “ఏమప్పా అశోకా, ఆ దినం ఇంట్లో నువ్వుంటివి కదా? నువ్వు చూడలేదా?” అని అడిగాడు. నేను సారు గిన్నెతో అక్కడే ఉన్నాను. అశోక్ విస్తరిలోకి చూస్తూ అన్నాడు.

“ఆమె ఆ దినం పోకుండా ఉంటే బాగుండు చిన్నాయనా.”

నేను గరిటెతో సారు పోసి పక్క విస్తరికి జరిగాను. బంతి అంతా వడ్డించాను. అప్పుడే తెలిసింది, అతను ఇక చెప్పడని. చెప్పకపోవడం కూడా కాదు. నమ్మడం మొదలుపెట్టాడు.

మర్నాడు అచ్యుత్ ఫోన్ చేశాడు. నేను మధ్యలో లేచి వచ్చిన మీటింగ్‌లో తాళం తీసేయాలని తేల్చారట. ఇంకొక్క మీటింగ్ ఉంది, ఆ తర్వాత మిషన్ డ్రాయింగులు ఫ్యాక్టరీకి పోతాయి. “మీ పరిస్థితి తెలుసు వరూధినిగారూ. మిమ్మల్ని రమ్మనడం లేదు. కానీ ఒక్క కేస్ ఉన్నా నేను వాళ్ళతో పోట్లాడగలను. లేకపోతే లేదు,” అన్నాడు.

“వస్తాను,” అన్నాను.

అందుకే ఈ పొద్దున సీసా పట్టుకుని అశోక్‌కు చెప్పాను. మళ్ళీనా అన్నాడు. సీసా బల్ల మీద పెట్టి, ఎందుకు పోవాలో మొత్తం చెప్పాను. ఫోటో నా దగ్గర ఉందని, కార్డు చూశానని, రెండూ అక్కడ చూపిస్తానని. అతను కాఫీ గ్లాసు చేతిలోనే పెట్టుకుని విన్నాడు.

“నువ్వే కదా ఆస్పత్రిలో నేనే అన్నావు,” అన్నాడు చివరికి. “అదే ఉండనీ వరూ.”

“మీ అక్క నన్ను ఏమంటోందో వింటున్నావు కదా.”

“అక్క నోరు అంతే. నాలుగు దినాలు అంటుంది, మానుకుంటుంది. అదే నేనని తెలిస్తే నన్ను బతకనియ్యదు.”

“మరి నన్ను?”

“నువ్వు తట్టుకుంటావు,” అన్నాడు. “నాకు చేతకాదు వరూ. నాయన అట్ల పోయె. అమ్మను నేనే... నేను ఆ మాట నోటితో అనలేను.” గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు, “అమ్మే అడిగింది. సాకు, తీయ్ అని. నేను తీస్తి. ఊపిరి ఎగబోస్తుండాది. నాకు నాయన గుర్తొచ్చె. తిప్పితి. నంబర్ పెరుగుతా ఉంటే... ఈ చేత్తోనే తిప్పితి.”

అతను నాకు ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి. దగ్గరకు పోయి తల పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు. అతను ఏడుస్తాడు, నేను సరేలే అంటాను, సాయంత్రానికి అది నా తప్పే అవుతుంది. బల్లకు ఇటు పక్కే నిలబడ్డాను.

“రేపు మీటింగ్ పదకొండింటికి,” అన్నాను. “అంతలోపు వదినకు నువ్వు చెప్పు. నీ నోటితో చెప్తే నీకే మంచిది.”

“చెప్పకపోతే?”

సీసాలో నీళ్ళు సింకులో పారబోసి, దాన్ని బోర్లించాను.

మరుసటి రోజు గళ్ళ చీర కట్టుకుని బస్సులో హూడికి పోయాను. పదకొండుకు రెండు నిమిషాలు ఉండగా ఫోన్ చూశాను. గ్రూపులో ఏమీ లేదు. వదిన నుంచి ఫోన్ లేదు.

బల్ల మీద కొత్త మిషన్ ఉంది. ఒకే పెట్టె, ఒకే గొట్టం. గోడ మీద తెరలో అచ్యుత్ తప్పుల పట్టిక తెరిచాడు. అందులో రాత్రి నేను చేర్చిన వరుస ఉంది. మాస్కు తీశారు. ఆక్సిజన్ ఒకటి నుంచి ఐదుకు పెంచారు. నంబర్ తొంభై ఎనిమిది. స్పృహ తప్పింది. రెండు రోజులకు మరణం. ‘ఎవరు’, ‘ఎందుకు’ అన్న రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి. ఫోటో చూపించాను. కార్డులో టైము చూపించాను. మునీంద్ర కుర్చీ ముందుకు లాక్కుని ఫోటో చూశాడు.

“ఈ కేస్ ఎక్కడిది మేడమ్?”

“హొసకోటెలోది. ఆమె మా అత్త.”

గదిలో ఐదుగురం ఉన్నాం. అచ్యుత్ ఫోటో మీద నుంచి నా వైపు తిరిగాడు. మునీంద్ర గొంతు తగ్గించాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

“ఆక్సిజన్ ఎవరు పెంచారు మేడమ్?”

ఆ ప్రశ్న నన్ను అడగడం రెండోసారి. మొదటిసారి జవాబు చెప్పేముందు ఒక ముఖం చూశాను. ఈసారి తెర మీద ఖాళీ గడినే చూశాను.

“కొడుకు,” అన్నాను. “మా ఆయన.”

అచ్యుత్ ‘కొడుకు’ అని టైపు చేశాడు. రెండు వందల పన్నెండు వరుసలున్న ఆ పట్టికలో ఆ గడిలో ఆ మాట అదే మొదటిది. పక్క గడి దగ్గర ఆగి, “ఎందుకు అన్నచోట తెలియక అని రాయనా?” అన్నాడు.

“వద్దు. తెలుసు. గోడ మీద రాసి ఉంది, చదివి వినిపించాను కూడా.”

“మరి?”

ఆ వాక్యం నేను బస్సులో వెతికాను. టోల్ దాటేదాకా దొరకలేదు.

“తండ్రికి అందని ఆక్సిజన్ తల్లికి ఇచ్చాడు. అట్లా రాయండి.”

అచ్యుత్ రాశాడు. అతను రాస్తుండగా నేను ఫోన్ తీసి, ఫ్యామిలీ గ్రూపు తెరిచి, ఆ ఫోటో మళ్ళీ పెట్టాను. దాని కింద అదే వాక్యం రాసి, మాస్కు తీసిన టైమూ నేను ఇల్లు వదిలిన టైమూ రాసి, పంపాను. తర్వాత ఫోన్ బోర్లించి పెట్టి, తాళం సంగతి మొదలుపెట్టాను.